ఒంటెలవాళ్లు ఏమయ్యారు

రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో ఒక ఇంగ్లీషు నవలను తెలుగు చేయడానికి ఒప్పుకున్నాను. విక్టోరియా కాలం నాటి సాహస నవల అది. పటాలు గీసే ఒక దొర, ఆయన చెల్లెలు, ఇద్దరు స్నేహితులు కలిసి ఇసుకలో కూరుకుపోయిన పాత నగరాన్ని వెతుక్కుంటూ ఎడారిలోకి వెళ్తారు. దారిలో దోపిడీదారుల చేతికి చిక్కుతారు. మూడువందల పేజీల తర్వాత క్షేమంగా ఇల్లు చేరతారు. కథంతా ఆ దొరే రాసినట్టుగా ఉంటుంది. నాతో చదువుకున్న ఒకావిడ చిన్న ప్రచురణ సంస్థ నడుపుతోంది. ఇలాంటి పాత కథల్ని ఇప్పటి తెలుగులోకి తేవాలని ఆవిడ సరదా. నేను గాజువాకలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆ వేసవిలో నాకు వేరే పనేమీ లేదు. సరేనన్నాను.

మొదటి రెండు అధ్యాయాలు వారం రోజుల్లో అయిపోయాయి. వాటి నిండా ఓడలు, రేవు, సామాన్లు దించే కూలీలు, కస్టమ్స్ వాళ్లతో వాదనలు. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. ఓడల గురించి రాయడానికి మాటల కోసం తడుముకోవలసిన అవసరం రాలేదు.

మూడో అధ్యాయంలో ఎడారి మొదలైంది. అక్కడ ఆగిపోయాను. నేను చూసిన ఇసుకంతా సముద్రం ఒడ్డున ఉండేదే. ఎంత రాసినా ఆ వాక్యాలు యారాడ బీచ్‌కి పిక్నిక్ వెళ్లినట్టే వచ్చాయి. ఒంటె లేచేటప్పుడు ముందు కాళ్లు ఎత్తుతుందా, వెనక కాళ్లా? తోలు సంచిలో పోసిన నీళ్లు ఏ రుచి వస్తాయి? ఇంటర్నెట్‌లో వీడియోలు చూశాను. వాటిని చూసి రాస్తే, వీడియో చూసి రాసినట్టే ఉంది.

ఒక ఉదయం డాబా మీద నీడలో కూర్చుని ఆ పేజీతోనే కుస్తీ పడుతుంటే, కింది వాటాలో ఉండే పిన్నిగారు మామిడి ఒరుగులు ఎండబెట్టడానికి పైకి వచ్చారు. ముందు చాప దులిపారు. ప్లాంటు వైపు నుంచి గాలి వీచిన రోజు దాని మీద నల్లటి నుసి పడుతుంది.

"సెలవుల్లో కూడా ఏటమ్మా ఆ రాత?" అన్నారు.

"ఒంటె ఎలా లేస్తుందో తెలీక ఆగిపోయాను పిన్నిగారూ."

"దానికేటి, మీ బాబాయిని అడగరాదా? ఆ ఎడారి దేశంలో రెండేల్లు ఉన్నాడు కాదా."

బాబాయిగారు వెల్డరని నాకు తెలుసు. ఆయన ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడి మానిన చిన్న చిన్న తెల్లటి మచ్చలు ఉండేవి. సబ్బవరం దగ్గర పల్లెటూరు ఆయనది. వ్యవసాయ కుటుంబం. ఈ ఊళ్లో కాంట్రాక్టు పనులు చేసి, కొన్నాళ్లు పై దేశం వెళ్లి వచ్చి, మళ్లీ ఇక్కడే పని చేసి మానేశారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు బస్సెక్కి ఊరెళ్లి జీడితోట చూసుకుంటారు. ఆయన వెళ్లిన పై దేశం గల్ఫ్ అని నేను అనుకునేదాన్ని. గల్ఫ్ కాదట, ఉత్తర ఆఫ్రికా వైపట. మనిషి పొడుగు, మాట తక్కువ. మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుని దారిచ్చేవారు తప్ప, అయిదేళ్లలో మా ఇద్దరి మధ్య పట్టుమని పది మాటలు నడిచి ఉండవు.

ఆ ఆదివారం టిఫిను అయ్యాక పైకి వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, "వెనక కాళ్లమ్మా," అన్నారు.

"ఏంటండీ?"

"ఒంటె ముందర వెనక కాళ్లు ఎత్తుతాది. నువ్వు దాని మీద కూకున్నావనుకో, ముందుకి పడిపోతావు. తరవాత ముందు కాళ్లు. అప్పుడు వెనక్కి పడిపోతావు. గట్టిగా పట్టుకోకపోతే అంతే."

నేను రాసుకున్నాను. ఎడారి అంతా ఇసుక ఉండదని చెప్పారు. చాలా చోట్ల రాళ్లూ గులకే, చెప్పు అరిగిపోతుందట. డ్రమ్ములో నీళ్లు మధ్యాహ్నానికి టీ నీళ్లంత వేడెక్కుతాయట, అయినా తాగుతారట. గాలి దుమారం వస్తుంటే ముందు వాసన తెలుస్తుందట. "ఏం వాసన?" అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "పాత గోడ మీద నీల్లు సల్లితే వత్తాది సూడు, అది. కాపోతే నీల్లుండవు," అన్నారు. ఆ వాక్యాన్ని అలాగే పుస్తకంలో పెట్టుకోవాలనిపించింది. దొర అలా రాయలేదు కాబట్టి పెట్టలేదు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఆ వారం చేసిన పేజీలు చదివి వినిపించేదాన్ని. ఆయన చెవి కొంచెం ముందుకు వంచి, కళ్లు సగం మూసి వినేవారు. అతుకు సరిగా పడిందో లేదో చిన్న సుత్తితో కొట్టి చూసేవాళ్లు ఉంటారే, అలా ఉండేది ఆ వినడం. తప్పుంటే చెయ్యెత్తేవారు. పిన్నిగారు టీ తెచ్చి, ఒకటి రెండు పేజీలు విని, "మీ దొరలు ఇంకా సేరలేదా?" అని నవ్వి వెళ్లిపోయేవారు.

అయిదో ఆదివారం నాటికి దొరలు పట్టుబడే అధ్యాయం వచ్చింది. దొర చెల్లెలు గుర్రం మీద నుంచి దూకడం, ఆయన స్నేహితుడు కత్తి దూయడం, దుమ్ము, కేకలు. నాకు నచ్చిన అధ్యాయం అది. కొంచెం గొంతు పెంచే చదివాను. చదవడం అయ్యాక తలెత్తి చూశాను. బాబాయిగారు కళ్లు తెరిచి నేల చూస్తున్నారు.

"బాగాలేదా బాబాయిగారూ?"

"బాగానే ఉంది. మరి ఒంటెలోల్లు ఏటైపోనారు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ప్రయాణంలో నలుగురు ఒంటెలు తోలేవాళ్లు, ఒక వంటమనిషి ఉన్నారు. మూడో అధ్యాయంలో వాళ్ల తలపాగాల గురించి, వాళ్ల సోమరితనం గురించి దొర ఒక పేరా రాశాడు. పట్టుబడ్డ అధ్యాయంలో వెనక్కి తిప్పి చూశాను. వాళ్లను వేరుచేసి కొండ వెనక్కి తోలుకుపోయారని ఒక్క ముక్క ఉంది. ఆ వాక్యాన్ని నేనే తెలుగు చేశాను. చేసేటప్పుడు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"ముందు ముందు వస్తారేమో చూస్తాను," అన్నాను.

ఆ సాయంత్రం చివరి పేజీ దాకా తిరగేశాను. రాలేదు. దొరల గుర్రాలకు ఏమైందో ఉంది. దొర చెల్లెలి పెట్టె కూడా దొరికింది. ఆ అయిదుగురి మాట మళ్లీ ఎక్కడా లేదు. మర్నాడు మెట్ల మీద కనిపిస్తే ఆ సంగతి చెప్పాను.

"రాసినాయన మర్సిపోనాడేటి?" అన్నారు ఆయన.

"అప్పటి పుస్తకాలు అంతేనండీ. వాళ్లను మనుషుల్లా లెక్కపెట్టరు."

తలూపి వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. తోటలో పని ఉందన్నారు పిన్నిగారు. కానీ ఆవిడ ముఖం మామూలుగా లేదు. "సరిగ్గా తినడం లేదమ్మా. అడిగితే ఏటీ లేదంతాడు. నువ్వు సదివిందాన్లో ఏటైనా ఉందేటి?" అన్నారు. ఏముందో నాకూ తెలియదు. నాకే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది.

ఒక బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి వాళ్లింటి తలుపు కొట్టాను. పిన్నిగారు వంటింట్లో చేపలు కడుగుతున్నారు. బాబాయిగారు వసారాలో కూర్చుని ఉన్నారు. నా పుస్తకం ఆయన్ని నొప్పించి ఉంటే ఏమీ అనుకోవద్దని చెప్పాను. ఆయన కుర్చీ చూపించారు.

"పుస్తకం ఏటి సేసిందమ్మా. నాను సేసిందే," అన్నారు.

తర్వాత చెప్పారు.

"మేం ముగ్గురం. నాను, ఒరిస్సా ఆయనొకడు, తమిలాయనొకడు. బండి నడిపీవోడు ఆ దేశం మనిసే. పొద్దున్నే కేంపు కాడి నుంచి పైపులైను కాడికి ఎల్తన్నాం. రోడ్డుకి అడ్డంగా రెండు బల్లు పెట్టీసున్నాయి. ఏడెనిమిది మంది, తుపాకులు పట్టుకోని. మమ్మల్ని దింపీసి నేల మీద కూకోబెట్టీసినారు. డ్రైవర్ని నిలబెట్టీసి ఏటేటో అడగతన్నారు. ఆడు సేతులు జోడించి సెప్తన్నాడు. ఆల్లకి నమ్మకం కుదర్లేదు."

అప్పుడు వాళ్లలో ఒకడు ఈ ముగ్గురి దగ్గరికి వచ్చి, డ్రైవర్ని చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడట. వీడు మీ కంపెనీ మనిషేనా? మీ వాడేనా?

"మా వోడే అంటే సాలు. ఆ ఒక్క మాటే. రోజూ మమ్మల్ని తీసుకెల్లీవోడు. ఆల్లింట్లో సేసిన రొట్టి తెచ్చి మాకు పెట్టీవోడు. ఆడు నన్నే సూత్తన్నాడు. నాను నేల సూసినాను. మిగిలిన ఇద్దరూ అంతే. నోరు రాలేదు. ఏటంటే ఏటౌతాదో అని. ఆణ్ని ఇంకో బండిలోకి ఎక్కించీసి ఎల్లిపోనారు. మల్లీ సూడలేదు."

ముగ్గురినీ సగం కట్టిన ఒక ఇంట్లో పంతొమ్మిది రోజులు ఉంచారు. కొట్టలేదు. ఉడికించిన మాకరోనీ, రొట్టె పెట్టారు. కాపలా ఉన్నవాళ్లలో ఒకడికి పంటినొప్పి ఉండేదట. అతను రోజంతా దవడ పట్టుకుని కూర్చుంటే, తమిళాయన ఎప్పుడూ జేబులో ఉంచుకుని నమిలే లవంగాలు ఇచ్చాడట. ఇరవయ్యో రోజు పొద్దున్న ఒక చెక్‌పోస్టు దగ్గర దింపి వెళ్లిపోయారు. వారంలో కంపెనీ వాళ్లు విమానం ఎక్కించేశారు. డ్రైవర్ ఏమయ్యాడని ఆఫీసులో ఒకసారి అడిగితే, కనుక్కుంటున్నాం అన్నారట. రెండోసారి ఈయన అడగలేదు.

"పన్నెండేల్లయిపోనాది. నీ పుస్తకంలో ఆ ముక్క వచ్చీసరికి, ఆ దొర కూడా నాలాగే నేల సూసినాడు అనిపించింది."

వంటింట్లో నీళ్ల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతులు తడిగానే ఉన్నాయి.

"గొడవలొచ్చి ఫోన్లు పనిసెయ్యడం లేదన్నావు అప్పుడు," అన్నారు.

ఆయన కుర్చీ కొంచెం ఆవిడ వైపు తిప్పుకున్నారు.

"పంతొమ్మిది రోజులు నాను కంగారుపడి సచ్చేను. తిరిగొచ్చి ఫోన్లు పోయినాయన్నావు. నాను నమ్మేను."

"నీకు సెప్తే, ఆడి సంగతి కూడా సెప్పాల కదా," అన్నారు బాబాయిగారు.

పిన్నిగారు లోపలికి వెళ్లిపోయారు. నేను లేవబోయాను. ఇంతలో ఆవిడే చెయ్యి తుడుచుకుంటూ మళ్లీ వచ్చి, ఏడుపు గానీ కోపం గానీ లేని గొంతుతో అడిగారు. "ఆ ఒరిస్సా ఆయనకి ఏటైనా తెలుసునేమో అడిగినావా?"

"ఆయన ఫోన్ నెంబరు మారిపోనాది."

"ఊరు?"

ఊరు తెలుసు. పాత పాస్‌పోర్టు కవరులో ఒక చీటీ ఉంది, బరంపురం దగ్గర పల్లె పేరు, ఆయన తండ్రి పేరు. పన్నెండేళ్లుగా అది అక్కడే ఉంది. పిన్నిగారి తమ్ముడు లారీ నడుపుతాడు. తగరపువలసలో ఉంటాడు, హైవే మీద ఒరిస్సా దాకా వెళ్లి వస్తుంటాడు. ఆవిడ అక్కడికక్కడే ఫోన్ చేసి ఆ చీటీలో ఉన్నది చదివి, తమ్ముడి చేత రెండుసార్లు తిరిగి చెప్పించారు.

ఆ ఎదురుచూసిన రోజుల్లో నేను ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. ఒంటెలవాళ్లు తర్వాత ఏమయ్యారో ఒక్క పేరా చేర్చవచ్చా అని అడిగాను. "అది మన కథ కాదు కదా. మనం చేర్చితే, ఆయన మర్చిపోలేదని చదివేవాళ్లు అనుకుంటారు. నీకు చెప్పాలని ఉంటే ముందుమాటలో చెప్పు," అంది. నిజమే అనిపించింది. నవలలో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచాను. ముందుమాట మాత్రం మూడుసార్లు రాసి చింపేశాను.

పది రోజులకు లారీ తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ ఊళ్లో టీ కొట్టు దగ్గర అడిగితే నేరుగా ఇంటికే తీసుకెళ్లారట. మనిషి ఉన్నాడు. రమ్మన్నాడు.

"నువ్వూ రావాల," అన్నారు పిన్నిగారు నాతో.

"నేనెందుకు పిన్నిగారూ, మీ ఇద్దరూ..."

"కెలికింది నువ్వే కదా. రా."

ముగ్గురం పొద్దున్న రైలుకి వెళ్లాం. బాబాయిగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దారిలో ఇడ్లీ పొట్లం విప్పి మళ్లీ కట్టేశారు. బరంపురంలో దిగి ఆటో ఎక్కాం. ఆ ఊరు మొదట్లోనే, రోడ్డు పక్కన ఒక పొట్టి మనిషి లుంగీ పైకి కట్టి నిలబడి ఉన్నాడు. ఆటో ఆగకముందే దగ్గరికి వచ్చి బాబాయిగారి మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు చూసుకుని, నెరిసిందని నవ్వుకున్నారు.

ఆయనకు తెలుగు బాగానే వచ్చు, ఆ ప్రాంతంలో చాలామందికి వచ్చు. ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. బాబాయిగారు గ్లాసు ముట్టుకోకుండా అడిగారు.

"మన డ్రైవర్ సంగతేటైనా తెలుసా?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "నీకు తెలీదా? ఉన్నాడు కదా."

పిన్నిగారు "ఉన్నాడా?" అన్నారు.

ఆ తర్వాత రెండేళ్లకు ఒరిస్సా ఆయన అదే దేశానికి మళ్లీ పనికి వెళ్లాడట. ఒక రోజు రోడ్డు పక్కన టైర్ల షాపులో ఆగితే, గాలి కొడుతున్న మనిషి ఈ డ్రైవరే. అతన్ని నెలకు పైగా ఇంకెక్కడో ఉంచారు. చివరికి వాళ్ల మేనమామ తాలూకు మనుషులు వెళ్లి మాట్లాడి విడిపించుకున్నారు. బండి నడపడం మానేసి షాపు పెట్టుకున్నాడు. ఒరిస్సా ఆయన్ని ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. ఇప్పటికీ పండగలకు ఫోన్లో మాట్లాడుకుంటారు.

"నీకు చెప్పాలనే అనుకున్నాను. మీ ఊరు పేరు గుర్తు లేదు. వైజాగ్ అంటే వైజాగ్‌లో ఎక్కడని వెతకను?" అన్నాడు.

ఇలా అంటూనే ఫోన్ తీసి వీడియో కాల్ చేశాడు. నాలుగైదుసార్లు మోగింది. తెర మీద ఒక గడ్డం, తర్వాత పైకప్పు, తర్వాత మనిషి కనిపించాడు. వెనక టైర్లు పేర్చి ఉన్నాయి. ఒరిస్సా ఆయన వాళ్ల భాషలో గబగబా ఏదో చెప్పి, ఫోన్ బాబాయిగారి చేతిలో పెట్టాడు.

బాబాయిగారు సలాం అన్నారు. అతను తెర దగ్గరికి ముఖం తెచ్చి చూశాడు. గుర్తు పట్టలేదు. ఏదో అడిగాడు. ఒరిస్సా ఆయన నవ్వి, "పొడుగాయనా, లవంగాలాయనా అని అడుగుతున్నాడు," అన్నాడు. పొడుగాయన అని చెప్పాక అతని ముఖం విప్పారింది. ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. రెండు వేళ్లు ముడవడం లేదు. అయినా అదే చేత్తో పానా పట్టుకుని బోల్టు తిప్పి చూపించాడు.

"ఆ రోజు నాను మాటాడలేదు అని సెప్పు," అన్నారు బాబాయిగారు. "అడిగినప్పుడు మా వోడే అని అనలేదు. అది సెప్పు."

ఒరిస్సా ఆయన నవ్వడం మానేశాడు. ఆయనా ఆ ముగ్గురిలో ఒకడే. మెల్లగా చెప్పాడు. అవతలి మనిషి విన్నాడు, తల గోక్కున్నాడు, కొంచెం ఆలోచించాడు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఎవరో గిరాకీ వస్తే ఆగమని చెయ్యి చూపించాడు.

"ఏటన్నాడు?"

"ఆ రోజు ఎవరేం మాట్లాడారో, ఎవరేం చూశారో తనకి గుర్తు లేదంట. తను తుపాకీనే చూస్తున్నాడంట. మీరు బతికారో లేదో అని వాళ్లావిడ కూడా అడిగేదంట. నీకు పిల్లలెంతమంది అని అడుగుతున్నాడు."

ఇద్దరు ఆడపిల్లలని బాబాయిగారు రెండు వేళ్లు చూపించారు. అతను నాలుగు చూపించాడు. అక్కడ కరెంటు పోయినట్టుంది, బొమ్మ ఆగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. బాబాయిగారు ఫోన్ తిరిగి ఇచ్చేసి, గ్లాసు అందుకుని మజ్జిగ మొత్తం తాగేశారు. ఇంకో గ్లాసు అడిగారు. మధ్యాహ్నం వాళ్లింట్లో చేపల కూరతో రెండుసార్లు అన్నం వడ్డించుకున్నారు. పిన్నిగారు ఒరిస్సా ఆయన భార్యతో చేపల రకాల గురించి మాట్లాడుతూ, మధ్య మధ్య మొగుడి కంచం వైపు చూస్తూ ఉన్నారు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు నాకిచ్చి వాళ్లిద్దరూ ఎదురుగా కూర్చున్నారు. పలాస దాటింది. బాబాయిగారికి కునుకు పడుతుంటే పిన్నిగారు మోకాలు తట్టారు.

"పడుకోకు. మొదటి రోజు నుంచి సెప్పు."

"టీచరమ్మకి సెప్పినప్పుడు విన్నావు కదా."

"గుమ్మంలో నిలబడి విన్నది వినడమేటి? మొదటి నుంచి సెప్పు. ఆ రోజు పొద్దున్న ఏటి తిన్నావు?"

ఆయన కొంచెం ఆలోచించి, రొట్టె, టీ అన్నారు. బండిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పారు. పిన్నిగారు సందేహం వచ్చిన చోటల్లా ఆపి అడుగుతున్నారు. దుప్పటి ఇచ్చారా, స్నానం ఎలా చేశారు, జ్వరం రాలేదా. నేను ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. విజయనగరం స్టేషన్ వచ్చేసరికి ఆయన పదకొండో రోజు దగ్గర ఉన్నారు. ఆవిడ కిటికీ దగ్గరి చిన్న బల్ల మీద మోచెయ్యి ఆనించి, ఆయన ముఖమే చూస్తూ వింటున్నారు.